పుట్టింటి రక్తం

దుప్పటి మీది మరక ఎంత రుద్దినా పోవడం లేదు. చేతిపంపు దగ్గర బండ మీద పరిచి, సబ్బు పెట్టి, మడమతో తొక్కి, నీళ్లు కుమ్మరించి చూసింది కళావతి. అంచులు కాస్త వెలిశాయి గానీ నడుమ మాత్రం చాయ్ డికాక్షన్ ఒలికినట్టు అలాగే ఉంది. తొమ్మిదేళ్ల పిల్లవాడు పక్క తడపడమే ఒక వింత. జ్వరం నీరసంలో లేవలేకపోయాడులే అని సరిపెట్టుకుంది. ఆ రంగు గురించి ఏమనుకోవాలో మాత్రం తెలియక, ఈ ముసురులో దుప్పటి ఎప్పటికి ఆరుతుందా అని ఆలోచిస్తూ నిలబడింది. పెద్ద భయం ఎదురుగా వచ్చి నిలబడినప్పుడు ఆమె మనసు ఎప్పుడూ ఏదో ఒక చిన్న పనిని పట్టుకుంటుంది.

"ఓ కళా, పిల్లగాడు కండ్లు తెరుస్తలేడు. గంజి తాగమంటె మూతి తిప్పుకుంటున్నడు," వసారాలోంచి అత్త కేకేసింది. "ఊరోళ్ల జరాలు చూసుడేనా, ఇంట్ల ఉన్నోన్ని చూసేది ఉన్నదా?"

ఊరివాళ్ల జ్వరాలు చూడడం కళావతి పని. బూర్గంపాడు దాటాక అడవిని ఆనుకుని ఉన్న ఆ గూడేనికి ఆమే ఆశా కార్యకర్త. "సర్కారు కొలువైతే కొలువనొచ్చు, గిది ఉత్త తిరుగుడు," అంటాడు భర్త రవీందర్. పొద్దున ఇంటెడు చాకిరీ ముగించుకుని తిరగడానికి పోవాలి, తిరిగి వచ్చి మిగిలిన చాకిరీ అందుకోవాలి. రెంటినీ ఎవరూ పని కింద జమకట్టరు. వానలు పడితే ఇక మలేరియానే. వేలి మీద సూదితో గుచ్చి, రక్తపు చుక్కను కిట్టు మీద వేసి, గీత పడితే గోలీలివ్వాలి. కొడుకు సతీష్‌కు ఒళ్లు కాలిపోతుంటే వాడి వేలు కూడా ఆమే గుచ్చింది. గీత పడింది. తెల్లగోలీలతో పాటు, జ్వరం మళ్లీ తిరగబెట్టకుండా వేసే చిన్న ఇటుకరంగు గోలీలు కూడా తీసింది. వయసుకు ఎంత వెయ్యాలో చార్టులో చూసి అంతే వేసింది. వాడు మొహం తిప్పుకుంటే బెల్లంముక్క చూపించి మింగించింది. జ్వరం దిగింది కూడా. జ్వరం దిగిన పిల్లవాడు లేచి గోల చెయ్యాలి కదా, ఇలా వాలిపోతున్నాడేమిటి?

దుప్పటిని అక్కడే వదిలి లోపలికి పరుగెత్తింది. సతీష్ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. తిప్పి రెప్ప ఎత్తి చూస్తే కన్ను పసుపుపచ్చగా ఉంది. అరచెయ్యి తెరిస్తే సున్నంలా తెల్లగా ఉంది. ఊపిరి మాత్రం పరుగు పెట్టి వచ్చినవాడిలా ఎగిరెగిరి పడుతోంది. ఆమె సూపర్‌వైజర్ రామ్‌చందర్‌కు ఫోన్ చేసింది.

"ఉచ్చ ఏం రంగు వస్తున్నదమ్మా?"

"నల్లగ వస్తున్నది సార్. డికాక్షన్ లెక్క."

"ఆ ఎర్రగోలీలు ఆపు. జల్దీ భద్రాచలం తీస్కపో. ఉచ్చ నల్లగొస్తె ఆపాలెనని ట్రైనింగ్‌ల చెప్పిన గదమ్మా!"

చెప్పే ఉంటాడు. ఆ ట్రైనింగ్ రోజు కళావతికి బాగా గుర్తుంది. జిల్లా నుంచి పెద్దసార్లు వచ్చారని ఆశాలను ముగ్గురిని లేపి చాయ్, ఉప్మా పంచే పని పెట్టారు. ఆమె ప్లేట్లు కడిగి, వడ్డించి, ఎంగిలి ప్లేట్లు ఎత్తి లోపలికి వచ్చేసరికి గోడ మీద బొమ్మలు మారిపోయాయి. మధ్యలో ఏం చెప్పారని పక్కామెను అడిగితే, "ఏమో, గోలీల గురించే," అంది. మీరు ఆ మాట చెబుతున్నప్పుడు నేను మీ చాయ్ కప్పులే కడుగుతున్నాను సార్ అని ఇప్పుడు అనొచ్చు. అనలేదు. "అవ్ సార్," అని ఫోన్ పెట్టేసి రవీందర్‌కు చేసింది.

రవీందర్‌ది భద్రాచలం నుంచి పర్ణశాలకు యాత్రికులను తిప్పే ఆటో. కిరాయి వదిలేసి వచ్చాడు. కొడుకును ఎత్తి బండిలో పడుకోబెట్టాడు. గోదావరి వంతెన మీదికి ఎక్కాక అద్దంలోంచి చూస్తూ అడిగాడు.

"గోలీలు ఎవరేసిండ్రు?"

"నేనే."

అతను చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు. కింద నది బురదరంగులో నిండుగా పోతోంది. ఆమె కొడుకు తలను ఒళ్లో పెట్టుకుని, వాడి ఎగశ్వాసను తన ఊపిరితో కలపడానికి చూస్తూ కూర్చుంది. నేనే, నేనే అన్న మాట బండి చప్పుడులో కలిసి తిరుగుతూనే ఉంది.

దవాఖానాలో పిల్లవాడిని చూసిన వెంటనే సూది పెట్టి కొంత రక్తం తీసి పరీక్షకు పంపారు, రక్తం ఎక్కించాలన్నారు. కళావతి కొంగు తీసి చెయ్యి చాపింది. నర్సు ఆమె కింది రెప్ప లాగి చూసి, వేలు గుచ్చి చూసి, "నీకే లేదమ్మా రక్తం, నువ్వేం ఇస్తవ్?" అని చెయ్యి పక్కకు నెట్టింది. గూడెంలో కడుపుతో ఉన్నవాళ్లందరికీ ఐరన్ గోలీలు పంచే కళావతికి, తన ఒంట్లో ఎంత ఉందో చూసుకోవాలని ఎన్నడూ తోచలేదు. రవీందర్ తనది చూడమననే లేదు. "నేను బండి నడపాలె," అని ఆటో స్టాండుకు పోయి స్నేహితుడు కోటేష్‌ను తెచ్చాడు. కోటేష్ ఒక్క మాట అడగకుండా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. గ్రూపు సరిపోయింది. అతని రక్తం సీసాలోంచి తన కొడుకు చేతిలోకి చుక్కచుక్కగా దిగుతుంటే, ఆ నరంలోకి వెళ్లడానికి తన రక్తం పనికి రాలేదే అని కళావతి మంచం కాలు పట్టుకుని నేల మీద కూర్చుంది.

ఫలితం వచ్చాక డాక్టరమ్మ వాళ్లిద్దరినీ పిలిచింది. చిన్నవయసు మనిషి, గబగబా మాట్లాడే అలవాటు.

"ఎర్రరక్తకణంలో ఒక ప్రోటీన్ ఉంటుంది. కణాన్ని కాపాడే ప్రోటీన్. మీ బాబుకు అది పుట్టుకతోనే తక్కువ. మామూలుగా ఏమీ తెలియదు, ఆటలు ఆడుకుంటాడు, పెరుగుతాడు. కొన్ని మందులు పడ్డాయంటే మాత్రం కణాలు పగిలిపోతాయి. మలేరియాకు ఇచ్చే ఆ చిన్న గోలీ అలాంటిదే. మీరు ఆపి తీసుకొచ్చారు కాబట్టి దక్కాడు. ఇంకో రెండు రోజులు వేసి ఉంటే మా చేతుల్లో ఉండేది కాదు."

"ఇది ఎట్ల వస్తది మేడం?" రవీందర్ అడిగాడు.

"తల్లి నుంచి కొడుకుకు వస్తుంది."

"నా దిక్కెల్లి కాదన్నట్టేనా?"

"తండ్రి నుంచి కొడుకుకు రాదు. తల్లికి వాళ్ల అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చి ఉంటుంది. ఆడవాళ్లకు బయటికి కనపడదు, మోస్తారంతే. ఇందులో ఎవరి తప్పూ లేదండీ, కళ్లరంగు లాంటిదే ఇదీ." తర్వాత కళావతి వైపు తిరిగింది. "మీ అన్నదమ్ముల్లో ఎవరైనా చిన్నప్పుడు ఇలా పోయారా?"

"ఇద్దరు మేడం. ఒకడి యెనుక ఒకడు."

డాక్టరమ్మ తల ఊపి ఏదో రాసుకుంది. ఎవరి తప్పూ లేదన్న మాట మాత్రం ఆ గది దాటి ఇంటిదాకా రాలేదు. 'తల్లి నుంచి కొడుకుకు' అన్న మాట ఆటో ఎక్కి వాళ్లకంటే ముందే గూడెం చేరింది.

ఇద్దరు. పెద్దవాడు పోయినప్పుడు కళావతికి ఏడేళ్లుంటాయి. ఇలాంటి వానాకాలమే. వాళ్ల ఊరు పర్ణశాల దారిలో, రోడ్డు దిగి కొంత లోపలికి నడవాలి. అమ్మ ముత్యాలు వాకిట్లో కూర్చుని పిల్లవాడి ఒంటికి పసరు రాస్తోంది, వాడి కళ్లు పచ్చగా ఉన్నాయి. మరుసటి ఏడు చిన్నవాడు, అలాగే. అన్నదమ్ములు పోయారన్న దుఃఖం కంటే ఆ తర్వాత అమ్మను చూసే చూపులే ఆమెకు ఎక్కువ గుర్తు. కన్నబిడ్డలనే మింగిందన్నారు. ఆమె వాకిలి ముందు నుంచి పోతూ తల్లులు చంటిపిల్లల మొహాల మీద కొంగు కప్పేవాళ్లు. ఇప్పపూలు ఏరడానికి పోతే చెట్టు కింద నుంచి మిగతా ఆడవాళ్లు లేచి దూరం జరిగేవాళ్లు. కొన్నాళ్లకు నాన్న ఇంకొకామెను తెచ్చుకుని వేరే ఊరు పోయాడు. అమ్మ ఒక్కతే ఊరి చివర ఉండిపోయింది. ఎవరితోనూ పోట్లాడలేదు, ఎవరికీ జవాబు చెప్పలేదు. చిన్న కళావతి ఒకసారి, "నువ్వు నిజంగనే తిన్నవా అమ్మా?" అని అడిగితే, అమ్మ కొట్టలేదు, ఏడవలేదు. జొన్నలు దంచుతూ, "ఏమో బిడ్డా," అంది.

ఈ ఇంటికి కోడలుగా రావడం కూడా మేనరికం వల్లే. మామ దూలయ్య అమ్మకు స్వయానా అన్న. అన్నగా మేనకోడలిని తెచ్చుకోక తప్పలేదు. "మేనరికమని చేసుకున్నం గానీ, లేకుంటె ఆమె బిడ్డను ఎవరు చేసుకుంటరు?" అని అత్త ఎంతమందితో అన్నదో. సతీష్ పుట్టినప్పుడు పురుటికి అమ్మను రానివ్వలేదు. "కొడుకుల మీద ఆమె కన్ను పడొద్దు," అన్నది అత్త. రవీందర్ అటూ ఇటూ కాకుండా ఊరుకున్నాడు. కళావతి పచ్చిబాలింతగా మంచంలో పడుకుని, అందరి మాటా విని, గోడవైపు తిరిగి పడుకుంది. రోజూ పర్ణశాల దారిన ఆటో నడిపే రవీందర్, ఆ ఊరి మలుపు దగ్గర ఏనాడూ బండి ఆపలేదు.

సతీష్‌ను ఇంటికి తెచ్చాక చూడ్డానికి వచ్చిన వాళ్లందరికీ అత్త ఒక్కటే మాట చెప్పింది. "డాక్టరమ్మనే చెప్పింది. ఈమె పుట్టింటి రక్తమే గసొంటిదట. తల్లి కొడుకులను తిన్నది, బిడ్డ గోలీలేసి తినబోయింది. నా కొడుకు జల్దీ బండి తెచ్చిండు గాబట్టి పిలగాడు మిగిలిండు."

కళావతి పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదుతోంది. పొగ కళ్లలోకి కొడుతోంది. పుట్టింటి రక్తం. ఆ మాట చెవిలో పడ్డప్పుడల్లా తల వంచుకుంటోంది, ఎందుకంటే ఈసారి అది అబద్ధం కాదు. ఇన్నాళ్లూ అమ్మను అన్న మాటలన్నీ మూఢనమ్మకాలని మనసులోనైనా కొట్టిపారేసేది. ఇప్పుడు కాగితం మీద అచ్చు వేసి, చదువుకున్న మనిషి నోటితో పలికించి మరీ తెచ్చారు. దానితో ఎలా వాదించాలి? ఊదుతూ ఊదుతూ ఆమె చెయ్యి ఆగిపోయింది. తన రక్తం అమ్మది. అమ్మది ఎక్కడిది? అమ్మ పుట్టిల్లు ఏది?

ఆమె లేచి వసారాలోకి వచ్చింది. "అత్తా, మా అమ్మ పుట్టిల్లు ఇదే గదా."

అత్తకు మొదట అర్థం కాలేదు. వచ్చినవాళ్లు చాయ్ గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు. అర్థమయ్యాక అత్త మొహం కందిపోయింది. ఒక మూల పలుపుతాడు పేనుతున్న దూలయ్య తల ఎత్తలేదు.

"అయితే మా అత్తది కావచ్చు," అంది అత్త చివరికి. "ఆ ముసల్ది ఎక్కడికెల్లి తెచ్చిందో! ఆమెది ఈ ఊరు గాదు గదా. పై ఊరు నుంచి వచ్చింది."

చుట్టూ ఉన్నవాళ్లు అవ్ అవ్ అన్నారు. కళావతికి నవ్వు వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. ఎంత వెనక్కి పోయినా ఎక్కడో ఒకచోట బయటి నుంచి వచ్చిన ఆడది ఒకతె ఉంటుంది. ఆమె దగ్గరికి వెళ్లి ఈ మాట ఆగుతుంది. ఆమె అమ్మగారింటికి పోయి వెతికితే అక్కడా మరొకతె. ఈ ఇంటి మగవాళ్లు మాత్రం పుట్టినప్పటి నుంచీ ఇంట్లోనే ఉన్నారు, వాళ్ల మీద ఏ మచ్చా పడదు.

మర్నాడు దూలయ్య మామ చేనుకు పోతుంటే అన్నం గిన్నె ఇచ్చే వంకతో వెంట నడిచింది. "మామా, మా అమ్మమ్మకు గూడ కొడుకులు పోయిండ్రా?"

ఆయన నడక ఆపలేదు. నడుస్తూనే అన్నాడు. "మా అన్న ఒకడుండె. జరానికి గోలీలియ్యనీకి అప్పుడు గూడ మనుషులు తిరుగుతుండె. కండ్లు పచ్చగైనయి, ఉచ్చ నల్లగైంది. పోయిండు."

"మరి మా అమ్మ పిల్లలు పోయినప్పుడు నీకు యాదికి రాలేదా?"

"వచ్చింది బిడ్డా."

"ఊరంత ఆమెను అంటుంటె, మా అన్నకు గూడ గిట్లనే అయిందని చెప్పొద్దా మామా?"

దూలయ్య నిలబడ్డాడు. చెడ్డమనిషి కాదు. ఆమెను ఏనాడూ ఒక మాట అనలేదు. "చెప్తె అప్పుడు మా అమ్మను అందురు. ఎవలో ఒకలను అందురు గద. నువ్వు గూడ ఇంక తియ్యకు ఈ ముచ్చట. తీస్తె ఏం లాభం?" గిన్నె అందుకుని గట్టు మీద నడుస్తూ పోయాడు. చెల్లెలు పాతికేళ్లు మోసిన మాటను ఆయన ఆ కాస్త దూరంలో దింపేసి పోతున్నట్టు కళావతికి అనిపించింది.

సతీష్ సంగతి తెలిసి పట్నం నుంచి ఒక బృందం గూడేనికి వచ్చింది. అందరి రక్తమూ పరీక్ష చేస్తారట. మనుషులను పోగు చెయ్యడం, కుర్చీలు తేవడం, తాగునీళ్లు పెట్టడం, వాళ్లకు వంట, అన్నీ కళావతికే చెప్పారు. కళ్లద్దాల అబ్బాయి ఒకడు బడి వసారాలో నిలబడి ఓపికగా వివరించాడు. "అందరి రక్తం ఎర్రగానే ఉంటుంది. లోపలి ప్రోటీన్లు మాత్రం అందరివీ ఒక్కతీరుగా ఉండవు. మనిషికీ మనిషికీ, ఊరికీ ఊరికీ తేడాలుంటాయి. మలేరియా ఎక్కువగా ఉన్న అడవి ప్రాంతాల్లో ఈ రకం తేడా ఎక్కువ కనపడుతుంది. పాతకాలంలో ఇదే మనవాళ్లను ఆ జ్వరం నుంచి కొంత కాపాడి ఉంటుందని అంటారు. ఎవరికి ఉందో ముందే తెలిస్తే ఆ గోలీ ఇవ్వం, అంతే." వినసొంపుగానే ఉంది. వెనక నిలబడ్డ ఆడవాళ్లలో ఒకామె, "తల్లి నుంచే వస్తదా సార్?" అని అడిగింది. "మగపిల్లలకు అవును," అన్నాడు అతను. ఆ తర్వాత ఆడవాళ్లు ఎవరూ ఏమీ వినలేదు.

బృందం రావడానికి ముందురోజు సాయంత్రమే పక్కింటి భద్రమ్మ నీళ్ల బిందెతో వచ్చి దడి దగ్గర ఆగింది. ఆమెకు ఇద్దరు కొడుకులు.

"రేపు మావోళ్లను పిలువకు అక్కా."

"ఎందుకే? తెలిస్తె మంచిదే గద. తెలువకుంటె జరమొచ్చినప్పుడు ఆ గోలీ..."

"నీకు తెలిసినంక నువ్వు ఎట్లున్నవో చూస్తున్న గదక్కా," అంది భద్రమ్మ. "నా మొగడు సంగతి నీకెరుకే. ఉన్నదని తేలితె నన్ను ఇంట్ల ఉంచడు. పిల్లలు రేపు బతకాలె, నిజమే. నేను గూడ బతకాలె గద."

పిల్లలను పరీక్షకు తెచ్చిన తల్లి ముత్యాలు అవుతుంది. తేకపోతే ఏదో ఒక వానాకాలం పిల్లవాడు సతీష్ అవుతాడు, వాడికి బండి సమయానికి అందకపోవచ్చు. ఆ గోలీ మింగించే చెయ్యి మళ్లీ తనదే. తెల్లారి బడి దగ్గర కుర్చీలు వేస్తుంటే, భద్రమ్మ కొడుకులిద్దరినీ వెంటేసుకుని అడవి బాట పట్టడం కనపడింది. కేక వేస్తే వినపడేంత దూరమే. కళావతి కుర్చీ తుడుస్తూ ఉండిపోయింది. ఆమె వెనక ఇంకొందరు తల్లులు, ఇంకొందరు పిల్లలు. "నీ ఊరోళ్లు నీ మాట ఇంటలేరు, ఏం పని చేస్తున్నవమ్మా?" అని రామ్‌చందర్ అందరి ముందూ కసిరాడు.

వచ్చినవాళ్లలో ఇద్దరు పిల్లలకు ఉందని తేలింది. పేర్లు గట్టిగానే పిలిచి చెప్పారు. ఒకతె భర్త అక్కడే ఉన్నాడు. అతను భార్యను తిట్టలేదు, కొట్టలేదు. ఆమె మొహంలోకి కొత్తగా చూశాడు. ఆ చూపు కళావతికి తెలుసు. ఆ తల్లి కొడుకు చెయ్యి వదిలేసి, మళ్లీ పట్టుకుని, ఎటు పోవాలో తెలియనట్టు వసారా మెట్టు మీద నిలబడింది.

కూతురు దుర్గ పదమూడేళ్ల పిల్ల. వరుసలోకి రాబోతుంటే రవీందర్ చెయ్యి పట్టి ఆపాడు. "దీనికేం వద్దు. ఉన్నదని రాసిండ్రంటె అంతే. రేపు ఎవడొస్తడు?" ఆడపిల్లల్లో ఈ కిట్టు తేల్చి చెప్పలేదని, ఉండొచ్చు లేకపోవచ్చని కళ్లద్దాల అబ్బాయి అన్నాడు. ఇంటికి వచ్చి గిన్నెలు తోముతుంటే దుర్గ పక్కన కూర్చుని బూడిద అందిస్తూ మెల్లగా అడిగింది.

"నాకు గూడ ఉంటదా అమ్మా?"

"ఏమో బిడ్డా," అంది కళావతి. అన్నాక తన గొంతు విని ఉలిక్కిపడింది.

"ఉంటె నేను గూడ అమ్మమ్మ లెక్క కొడుకులను తినేటిదాన్నయితనా?"

కళావతి చేతిలో గిన్నె పక్కన పెట్టి, చేతులు కడుక్కుని లేచింది. సతీష్‌కు చొక్కా తొడిగింది. రవీందర్ ఆటో తుడుస్తున్నాడు. "మా అమ్మ దగ్గరికి పోతున్న, పిల్లలను తీస్కోని," అంది. అనుమతి అడగలేదు, చెప్పింది.

"పోతె ఆడనే ఉండు," అన్నాడు.

"నీ బండి ఎక్కుత అనలేదు," అని ఆమె నడిచింది.

బూర్గంపాడు నుంచి వేరే ఆటోలో వంతెన దాటి, భద్రాచలంలో దిగి, పర్ణశాల ఆటో ఎక్కారు. యాత్రికుల మధ్య ఇరుక్కుని కూర్చున్నా కళావతికి ఒళ్లు తేలికగా ఉంది. పాతికేళ్ల తర్వాత అమ్మకు ఒక మంచి కబురు తీసుకుపోతోంది. నువ్వు తినలేదమ్మా. నీ కన్ను కాదు, నీ చెయ్యి కాదు, నీలో ఏ చెడూ లేదు. రక్తంలో ఒక చిన్న ప్రోటీన్ అమ్మా, దానికి ఆ గోలీ పడదు, అంతే. ఎలా మొదలుపెట్టాలో, అమ్మకు తెలిసే మాటల్లో ఎలా చెప్పాలో దారంతా కూర్చుకుంది. ఇంట్లో ఎవరూ వినని మాట వినేవాళ్లు ఒక్కరున్నారు. ఆ ఒక్కరి కోసమే ఈ మాట పుట్టిందనిపించింది.

ముత్యాలు వాకిట్లో తునికాకు కట్టలకు వాడే నార చీలుస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. మనవడిని చూసి లేచి నిలబడింది గానీ దగ్గరికి రాలేదు, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. పుట్టిన ఇన్నేళ్లకు వాడిని ఇంత దగ్గరగా చూడడం ఇదే. "దూరముంచు బిడ్డా, జరం పడి లేచినట్టున్నడు," అంది. కళావతి సతీష్‌ను తీసుకెళ్లి ఆమె పక్కనే అరుగు మీద కూర్చోబెట్టింది. దుర్గ అమ్మమ్మ మొహంలోకి చూస్తూ కింద కూర్చుంది.

కళావతి అంతా చెప్పింది. దుప్పటి, వంతెన, కోటేష్ రక్తం, డాక్టరమ్మ మాటలు, దూలయ్య మామ దాచుకున్న అన్న. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. "నువ్వు ఏం చెయ్యలేదమ్మా. ఆ గోలీలకు అట్లయింది. నీ తప్పేం లేదు."

ముత్యాలు చాలాసేపు నార చీలుస్తూనే ఉంది. సంతోషం గానీ, ఏడుపు గానీ ఆ మొహంలోకి రాలేదు. మరేదో వచ్చింది. నెమ్మదిగా, లోపలి నుంచి నీళ్లు ఊరినట్టు.

"గోలీలకా?"

"అవ్ అమ్మా."

"చిన్నగ, ఎర్రగ ఉంటయి. గవేనా?"

"అవ్."

"అవి నేనే మింగించిన గద బిడ్డా," అంది ముత్యాలు. "మలేరియా సారు ఇచ్చిపోయిండు. పెద్దోడు చేదని ఉమ్మేస్తె, తిట్టి, ముక్కు మూసి మింగించిన. చిన్నోడు వద్దమ్మా వద్దమ్మా అన్నడు. ఒక్కటి గూడ ఇడువలేదు. అన్నీ ఏసిన."

ఊరు వేసిన నిందను ఆమె ఎన్నడూ లోపలికి రానివ్వలేదని కళావతికి అప్పుడు తెలిసింది. 'ఏమో బిడ్డా' అన్నది ఎదుటివాళ్ల కోసం. లోపల ఎక్కడో తన చేతులు శుభ్రంగానే ఉన్నాయని ముత్యాలు నమ్ముకునే ఇన్నేళ్లు బతికింది. ఆ నమ్మకాన్ని ఇప్పుడు కూతురే తెచ్చిన కబురు తీసేసుకుంటోంది. నేను కూడా బెల్లం పెట్టి మింగించానమ్మా అని చెప్పబోయింది. కానీ తన కొడుకు బతికి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

ముత్యాలు నార పక్కన పెట్టింది. కూతురి మొహంలోకి నేరుగా చూసింది.

"ఒక్క మాట చెప్పు బిడ్డా. నువ్వు దవాఖానల పని చేస్తవు, నీకు ఎరుక ఉంటది. ఉచ్చ నల్లగైన దినమే నేను గోలీలు ఆపి ఉంటె, బతుకుదురా నా పిల్లలు?"

ఆపి తీసుకొచ్చారు కాబట్టి దక్కాడని డాక్టరమ్మ అన్న మాట కళావతి చెవిలో ఇంకా అలాగే ఉంది. దుర్గ తల్లి వైపే చూస్తోంది.

"లేదమ్మా," అంది కళావతి. "అప్పటికే జరం ముదిరింది. నువ్వు ఆపినా బతకకపోదురు."